ఆ పసుపు బాక్సులో వరస తిరగబడింది

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ విద్యార్థుల పేజీలో శ్రీహరికోట మీద వేసిన కథనం మా ఇంట్లో అందరం చదివాం. బాగుంది. పులికాట్ నీళ్ల మధ్యలోంచి షార్‌కు, అంటే శ్రీహరికోట రాకెట్ కేంద్రానికి పోయే రోడ్డు ఫోటోనైతే మా మనవడు కత్తెరతో కోసి పెట్టుకున్నాడు. కానీ ఆ పేజీ అడుగున పసుపు రంగు బాక్సు ఒకటి వేశారు. ఉపగ్రహాలు మోసే రాకెట్లు ముందొచ్చాయని, వాటి నుంచే ఆ తర్వాత క్షిపణులు తయారు చేశారని అందులో రాశారు. వరస తిరగబడింది సార్. జరిగింది దానికి సరిగ్గా ఎదురు.

నేను 31 ఏళ్లు ప్రభుత్వ హైస్కూళ్లలో పీఎస్ (ఫిజికల్ సైన్స్) చెప్పి రిటైరైన టీచర్‌ని. ఇప్పుడు తిరుపతి బైరాగిపట్టెడలో మా అమ్మాయి వాళ్లింట్లో ఉంటున్నా. మనవడు ఎనిమిదో తరగతి, వాడికి తిండి లేకపోయినా పరవాలేదు గానీ రాకెట్ల కబుర్లు కావాలి. షార్‌లో రాత్రిపూట ప్రయోగం ఉందంటే మేమంతా మిద్దె మీదే. వాడు ఫోన్లో లైవ్ పెట్టుకుని అంకెలు గట్టిగా చదువుతాడు, సున్నా అన్నాక కూడా మాకు వెంటనే ఏమీ కనిపించదు, ఎదురిళ్ల నీళ్ల ట్యాంకులు దాటి పైకి రావాలి కదా, ఆ కాసేపూ ఎవరం మాట్లాడం, అంతలో రేణిగుంట వైపు చీకట్లో నారింజ రంగు చుక్క ఒకటి లేచి వంగుకుంటూ సముద్రం వైపు పోతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు జలదరిస్తుంది. సూళ్లూరుపేట, శ్రీహరికోట 2022 నుంచి మా తిరుపతి జిల్లాలోనే ఉన్నాయి కాబట్టి ఇక్కడి పిల్లలకు రాకెట్ అంటే ఎక్కడిదో కాదు, పక్క మండలంలో జరిగే సంగతి లాంటిది.

వాడు మీ పసుపు బాక్సును ఆల్బమ్‌లో అతికించి, మర్నాడు స్కూల్ అసెంబ్లీలో చదివి వచ్చాడు. నాకు సాయంత్రం తెలిసింది. అది కాదు నాయనా, ముందు పుట్టింది క్షిపణే అంటే నమ్మలేదు. "పేపర్లో ఉంది గదవ్వా" అన్నాడు. పేపర్లో ఉంటే నిజమే అనుకోవడం వాడి తప్పు కాదు, నేనూ అలా నమ్మే పెరిగాను. అందుకే వాడితో వాదన పెట్టుకోకుండా మీకు రాస్తున్నా.

అన్నీ చెప్పాలంటే మీ పేపరంతా కావాలి, అందుకని ఒక్క రాకెట్ కథే చెప్తాను. దాని పేరు థోర్. 1955 డిసెంబరులో అమెరికా వైమానిక దళం డగ్లస్ అనే విమానాల కంపెనీకి దీన్ని అప్పజెప్పింది. వాళ్లకు కావాల్సింది ఉపగ్రహం కాదు, చంద్రుడూ కాదు, దాదాపు 2,400 కిలోమీటర్ల దూరం పోయి అణుబాంబు వేసే క్షిపణి, అదీ అర్జెంటుగా. ఏడాది తిరక్కుండానే తొలి క్షిపణి ఫ్లోరిడాలోని కేప్ కెనావెరల్‌కు చేరింది. పొడవు సుమారు 20 మీటర్లు, అడ్డుకొలత 8 అడుగులు. సరుకు రవాణా విమానం కడుపులో పట్టాలి కాబట్టి ఆ కొలతలు. ఈ 8 అడుగుల్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది. లోపల శుద్ధి చేసిన కిరోసిన్ ఒక ట్యాంకులో, ద్రవ ఆక్సిజన్ ఒక ట్యాంకులో, కింద ఒక పెద్ద ఇంజను, దాని పక్కన దిశ సరిచేయడానికి రెండు చిన్న ఇంజన్లు, అంతే.

1957 జనవరి 25న మొదటి థోర్‌ను 17వ నంబరు ప్రయోగ కేంద్రం నుంచి వదిలారు. జానెడు కూడా లేచిందో లేదో, మళ్లీ కిందికి జారి పేలిపోయింది. ఎందుకని వెతికితే, ప్రయోగానికి ముందు తీసిన సినిమా రీళ్లలో దొరికింది కారణం. ద్రవ ఆక్సిజన్ నింపే గొట్టాన్ని పనివాళ్లు ఇసకలో ఈడ్చుకుంటూ తెచ్చారు. ఆ మలినం లోపలికి పోయి వాల్వు పాడైంది. ఇది నేను క్లాసులో చెప్పినప్పుడల్లా పిల్లలు నోరెళ్లబెట్టి వినేవాళ్లు, ఎందుకంటే మా స్కూలు ల్యాబులో బ్యూరెట్టు కడక్కుండా వాడితే నేను తిట్టేదాన్ని, ఆ తిట్టు ఎందుకో వాళ్లకు అప్పుడు అర్థమయ్యేది.

రెండోది ఇంకా బాధాకరం. ఏప్రిల్లో వదిలారు, అది చక్కగా సముద్రం వైపే పోతోంది. కానీ భద్రతాధికారి ముందున్న ప్యానెల్లో వైర్లు తారుమారు చేసి బిగించారు, దాంతో ఆయనకు అది ఊళ్ల మీదికి తిరిగినట్టు కనిపించింది. 35 సెకన్లలో మీట నొక్కి పేల్చేశాడు. ఆ ప్యానెల్ చూసి ఆయన చేయాల్సిందే చేశాడు. మూడోది మే నెలలో వేదిక మీదే పేలింది, ఆక్సిజన్ ట్యాంకులో ఒత్తిడి పెరిగిపోయి. నాలుగోది ఆగస్టులో ఒకటిన్నర నిమిషం ఎగిరి గాల్లో ముక్కలైంది. ఐదోది, 1957 సెప్టెంబరు 20న, సరిగ్గా పోయింది. సరిగ్గా రెండు వారాలకు అక్టోబరు 4న సోవియట్ వాళ్లు స్పుత్నిక్‌ను కక్ష్యలో పెట్టారు. దాన్ని మోసింది కూడా ఆర్-7 అనే ఖండాంతర క్షిపణే, ఆ ఆగస్టులోనే అది తొలిసారి పూర్తి దూరం ఎగిరింది. అంటే మానవుడు పంపిన మొట్టమొదటి ఉపగ్రహమే క్షిపణి భుజాల మీద పోయింది. బాక్సు రాసినవారు ఈ ఒక్కటి చూసినా సరిపోయేది.

థోర్ క్షిపణులు 60 ఇంగ్లండులో మోహరించారు. ఒక్కోదాని తల మీద బాంబు హిరోషిమా మీద పడినదానికి దాదాపు వంద రెట్లు. పడుకోబెట్టి ఉంచి, అవసరమైతే లేపి నిలబెట్టి ఇంధనం పోసి పావుగంటలో వదిలేలా ఏర్పాటు. 1963 కల్లా వాటిని తీసేశారు. వెనక్కి వచ్చిన వాటిల్లో కొన్నింటిని బాగుచేసి ఉపగ్రహాలు పంపడానికి వాడారు. ఇది చెప్పినప్పుడు మా వాడు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగాడు, "అవ్వా, అంటే అదే రాకెట్టా? వేరేదా?" అదే నాయనా, అదే.

మరి ఊరి మీద పడేదాన్ని కక్ష్యలో తిరిగేలా ఎలా చేశారు? మీ పేజీ పిల్లలకు చెప్పాల్సింది అసలు ఇదీ. క్షిపణి అంటే రాయి విసిరినట్టు, ఎంత దూరం విసిరినా మళ్లీ నేల మీద పడాల్సిందే, 2,400 కిలోమీటర్లు పోవాలంటే సెకనుకు నాలుగున్నర కిలోమీటర్ల వేగం ఉంటే చాలు. పడకుండా భూమి చుట్టూ తిరగాలంటే సెకనుకు దాదాపు ఎనిమిది కావాలి. ఆ మిగతా వేగం కోసం థోర్ నెత్తిన ఇంకో రెండు దశలు, అంటే ఒకదాని తర్వాత ఒకటి మండే చిన్న రాకెట్లు ఎక్కించారు. అవి ఎక్కడివో తెలుసా, వాన్‌గార్డ్‌వి. అమెరికా వాళ్లు తమ తొలి ఉపగ్రహం ఆయుధం మీద పోకూడదని, వాన్‌గార్డ్ పేరుతో విడిగా ఒక రాకెట్ చేయించుకున్నారు. అది 1957 డిసెంబరు 6న టీవీ కెమెరాల ముందు నాలుగడుగులు లేచి కూలిపోయింది. చివరికి వాళ్ల తొలి ఉపగ్రహం ఎక్స్‌ప్లోరర్-1ను కూడా రెడ్‌స్టోన్ క్షిపణి నుంచి వచ్చిన రాకెట్టే మోసింది. కానీ వాన్‌గార్డ్ వృథా పోలేదు, దాని పై దశలను తెచ్చి థోర్ మీద పెట్టారు, అదే థోర్-ఏబుల్. కింద ఆయుధం, పైన ఆయుధం కాకూడదని చేసినది. రెండూ కలిస్తే గానీ పని జరగలేదు.

థోర్-ఏబుల్ చంద్రుడికి కూడా గురి పెట్టింది, 1958 ఆగస్టు 17న. ప్రపంచంలో చంద్రుడి వైపు ఎవరైనా చేసిన తొలి ప్రయత్నం అది. 77 సెకన్లకు పేలిపోయింది. మళ్లీ చేశారు. 1960 ఏప్రిల్ 1న అదే థోర్-ఏబుల్ మీద టైరోస్-1 పోయింది, మేఘాల బొమ్మలు తీసి పంపిన తొలి వాతావరణ ఉపగ్రహం, 78 రోజులు పనిచేసింది. ఈ మాట రాస్తుంటే 2021 నవంబరు గుర్తొస్తోంది. మా వీధిలో మోకాళ్ల పైదాకా నీళ్లు, కరెంటు లేదు, అల్లుడు ఫోన్లో మిగిలిన చార్జింగుతో బంగాళాఖాతం మీద తెల్లగా సుళ్లు తిరుగుతున్న మేఘం బొమ్మను మళ్లీ మళ్లీ చూసుకుంటున్నాడు, ఇది ఇంకా ఎంతసేపు కురుస్తుందో అని. అలాంటి బొమ్మల వంశంలో మొదటిదాన్ని మోసింది బాంబు మోయడానికి పుట్టిన థోర్.

తర్వాత వచ్చింది డెల్టా. థోర్ మీద ఎక్కించిన పై దశల వరసలో నాలుగోది కాబట్టి గ్రీకు అక్షరాల్లో నాలుగోదాని పేరు పెట్టారు. ఏదో రెండు మూడేళ్లకు సరిపడా తాత్కాలికంగా వాడుకుందామని 1959లో 12 రాకెట్లకు నాసా ఆర్డరిచ్చింది. మొదటిది 1960 మే 13న విఫలమైంది. మిగతా 11కి 11 సఫలం. ఒక్కసారి ఎగిరితే అయిపోయే రాకెట్లివి, మళ్లీ తిరిగి వచ్చేదేమీ ఉండదు, సముద్రంలో పడిపోవడమే, అందుకే ప్రతిసారీ కొత్తది కట్టాలి, కట్టిన ప్రతిసారీ ఇంత పెంచుకుంటూ పోయారు. ట్యాంకులు పొడుగు చేశారు, పక్కన చిన్న రాకెట్లు మూడు కట్టారు, తర్వాత తొమ్మిది కట్టారు. టెల్‌స్టార్ అనే సమాచార ఉపగ్రహం దాని మీదే పోయింది, 1964 టోక్యో ఒలింపిక్స్‌ను పసిఫిక్ దాటించి అమెరికా టీవీల్లో చూపించిన సిన్‌కామ్-3 దాని మీదే పోయింది. జపాన్ వాళ్లు తమ తొలి పెద్ద రాకెట్లకు కింది దశగా లైసెన్సు తీసుకుని కట్టుకున్నది కూడా దీన్నే. తాత్కాలికం అనుకున్నది 2018 సెప్టెంబరు 15 దాకా ఎగిరింది, డెల్టా-2 ఆఖరి ప్రయోగం ఆ రోజే. ఆ ఆఖరి రాకెట్ ట్యాంకుల అడ్డుకొలత ఎంతనుకున్నారు? అదే 8 అడుగులు. 1950ల్లో ఒక రవాణా విమానం కడుపుకు తగ్గట్టు పెట్టుకున్న కొలత, 60 ఏళ్లు అలాగే నడిచింది.

ఇప్పుడు మన సంగతికి వస్తాను, ఎందుకంటే ఇది అమెరికా గొడవ, మనకెందుకు అనేవాళ్లుంటారు. 1982 ఏప్రిల్ 10న మన ఇన్‌శాట్-1ఎ పైకి పోయింది డెల్టా రాకెట్ మీద. కేప్ కెనావెరల్లో, అదే 17వ నంబరు కేంద్రం నుంచి, ఆ ఇసక గొట్టం థోర్ కూలిన కేంద్రం నుంచే. నేనప్పుడు ఎస్వీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ. హాస్టల్లో రేడియో చుట్టూ చేరి విన్నాం, టీవీ వస్తుంది, ఫోన్లు కలుస్తాయి, తుపాన్ల సంగతి ముందే తెలుస్తుంది అని. ఆ సెప్టెంబరుకే ఉపగ్రహం చచ్చిపోయింది, అందులో రాకెట్ తప్పు లేదు. మళ్లీ 1990 జూన్ 12న ఇన్‌శాట్-1డి, అదీ డెల్టా మీదే. దానికి ముందు నెలలోనే కృష్ణా తీరం మీద పెను తుపాను విరుచుకుపడి ఉంది, కాబట్టి మబ్బుల్ని కనిపెట్టే కెమెరా ఉన్న ఉపగ్రహం ఒకటి పైకి పోతోందంటే స్టాఫ్ రూములో మా అందరికీ అది పేపర్ వార్తలా లేదు, మా సొంత వార్తలా ఉంది. ఆ ఉపగ్రహం పన్నెండేళ్లు పనిచేసింది. అప్పట్లో పాఠంలో అమెరికా రాకెట్ అని రెండు ముక్కల్లో తేల్చేసేవాళ్లం, అది ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. నాకు ఆ బాధ ఉంది.

ఇదొక్కటే కాదు. నా దగ్గర పాత రెండు రూపాయల నోటు ఒకటుంది, వెనకవైపు ఆర్యభట్ట ఉపగ్రహం బొమ్మ ఉంటుంది, పలకల పలకలుగా. క్లాసులో చేతులు మారి మారి మడత దగ్గర చిరిగితే టేపు వేశాను. ఆ ఆర్యభట్ట 1975 ఏప్రిల్ 19న పోయింది సోవియట్ కాస్మోస్ రాకెట్ మీద, అది ఆర్-14 అనే క్షిపణి నుంచి వచ్చింది. 1988లో మన తొలి రిమోట్ సెన్సింగ్ ఉపగ్రహం ఐఆర్ఎస్-1ఎ పోయిన వోస్తోక్, పైన చెప్పిన ఆర్-7 సంతానమే. అంతెందుకు, 1963 నవంబరు 21న కేరళలోని తుంబాలో మన గడ్డ మీద నుంచి తొలిసారి లేచిన నైకీ-అపాచీ రాకెట్ కింది భాగం కూడా విమానాల్ని కూల్చే క్షిపణికి చేసిన బూస్టరే.

బాక్సు రాసినవారికి పొరపాటు ఎక్కడ వచ్చిందో నేను ఊహించగలను. మన దేశంలో ఒక చోట మాత్రం వరస నిజంగానే అటు నడిచింది. శ్రీహరికోట నుంచి 1979 ఆగస్టు 10న విఫలమై 1980 జులై 18న రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టిన ఎస్ఎల్‌వీ-3 ఉంది కదా, కలాం గారు దానికి ప్రాజెక్ట్ డైరెక్టర్. దాని మొదటి దశ మోటారే 1989 మే 22న ఎగిరిన తొలి అగ్ని క్షిపణికి మొదటి దశ అయింది.  అమెరికా, సోవియట్ వాళ్లు ఆయుధం చేసి ఉపగ్రహానికి ఇచ్చారు, మనం ఉపగ్రహానికి చేసి ఆయుధానికి ఇచ్చాం. ఇంత పెద్ద తేడా ఉన్నప్పుడు మనది చూసి ప్రపంచమంతా అలాగే జరిగిందని రాసేస్తే రెండు కథలూ పోతాయి, వాళ్లదీ మనదీ. పిల్లవాడికి ఎస్ఎల్‌వీ-3 ఎందుకు గొప్పదో కూడా తెలియకుండా పోతుంది.

ఒక లైనుకు ఇంత పెద్ద ఉత్తరమా అని మీ సబ్ ఎడిటర్లు అనుకోవచ్చు. నా మనవడు రెండో ప్రశ్న కూడా వేశాడు సార్, దాని కోసం. "బాంబు కోసం చేసినదాన్ని మన ఉపగ్రహానికి వాడుకోవడం మంచిదేనా అవ్వా?" నేను 31 ఏళ్లలో పిల్లల నోట విన్న మంచి ప్రశ్నల్లో ఇదొకటి. నాకు తోచింది చెప్పాను, దాన్ని చేసినవాళ్ల ఉద్దేశం ఒకటి, అది చివరికి చేసిన పని ఇంకొకటి, రెండూ నిజమే, ఒకదాన్ని చెప్పి ఇంకోదాన్ని దాచకూడదు అని. వాడు ఒప్పుకున్నాడో లేదో తెలీదు, ఆలోచిస్తున్నాడు. కానీ మీ బాక్సులో ఉన్న వరసే నిజమని నమ్మి ఉంటే వాడికి ఆ ప్రశ్నే వచ్చేది కాదు. ఉపగ్రహాల కోసం పుట్టిన రాకెట్లను తర్వాత ఎవరో చెడగొట్టారు అనుకునేవాడు, అక్కడితో ఆగిపోయేవాడు.

నా విన్నపం ఒక్కటే. ఈ దిద్దుబాటును ఎక్కడో లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో వేయకండి, పిల్లలు చూడరు. అదే విద్యార్థుల పేజీలో, అదే ఆదివారం, అంతే సైజు బాక్సులో వేయండి. చోటుంటే ఆ ఇసక గొట్టం సంగతి కూడా వేయండి, పిల్లలకు అది గుర్తుంటుంది. స్పుత్నిక్, ఎక్స్‌ప్లోరర్-1, టైరోస్-1, ఆర్యభట్ట, ఇన్‌శాట్-1ఎ, ఇవి ఏ రాకెట్ మీద పోయాయి, ఆ రాకెట్ ఏ క్షిపణి నుంచి వచ్చింది, ఇంతవరకు రాసినా చాలు, మిగతాది స్కూళ్లలో టీచర్లు చెప్పుకుంటారు. తేదీలు సరిచూసి పెట్టడానికి ఎవరైనా కావాలంటే నేను చేసి పెడతాను, రోజూ ఇంట్లోనే ఉంటాను.

మా వాడు మీ పసుపు బాక్సును ఆల్బమ్‌లోంచి తీసేయలేదు. జిగురుతో అతికించాడు, తీస్తే కింద రాకెట్ బొమ్మ చిరుగుతుందట. దాని పక్కన అర పేజీ ఖాళీ వదిలి పెన్సిల్‌తో గీత గీసి పెట్టాడు, మీరు వేసేది అక్కడ అతికించడానికి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పీఎస్ టీచర్,
బైరాగిపట్టెడ, తిరుపతి.